పెరట్లో తైచీ, వాకిట్లో గంగమ్మ

డెబ్బైల చివర్లో కుప్పంలో బడిపంతులమ్మగా చేరినప్పుడు మా ఇంటి ఓనరు మలయా రబ్బరు తోటల్లో వయసంతా కరిగించి తిరిగొచ్చిన ముసలాయన. పొద్దున్నే మిద్దె మీద నిలబడి గాలిలో చేతులు మెల్లగా తిప్పేవాడు. కోడిపెట్టను బెదరకుండా పట్టుకోబోయే మనిషిలా ఉండేవాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను.

"నవ్వుకోమ్మా, నవ్వుకో. దీన్ని తైచీ అంటారు, ఆడ చీనావాళ్ల దగ్గిర నేర్చుకుంటి. నీ రొప్పు తగ్గల్లంటే రేపు పైకి రా," అన్నాడు.

నాకప్పుడు ఉబ్బసం. దానికి తోడు బడి మొత్తానికీ తెలిసిన కోపం. వెళ్లాను. అందులో మంత్రమూ లేదు, మాయా లేదు. మోకాళ్లు కొంచెం వంచి, ఒంటి బరువును ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి తొందరలేకుండా జరపాలి. చేతులు ఎంత నిదానంగా కదిలితే ఊపిరి అంత నిదానంగా ఆడాలి. ఏడాది తిరిగేసరికి మెట్లెక్కినా రొప్పు రాలేదు, రాత్రిళ్లు నిద్ర పట్టింది. కోపం పోలేదు గానీ కోపానికీ నోటికీ మధ్య కాస్త సందు దొరికింది. అదే నాకు పదివేలు.

తర్వాత పుంగనూరుకు బదిలీ అయింది. అక్కడికే మా అక్క వచ్చి చేరింది. సదుం పక్క పల్లెలో పెద్ద సేద్యం ఉన్న ఇంటి కోడలు. జ్వరం పడి లేచాక కాళ్లలో సత్తువ పోయింది, నిలబడితే తూలేది. గోడ వదిలితే పడిపోయేది. పని చెయ్యలేని మనిషిని బావ బస్సెక్కించి నా దగ్గరికి తోలేశాడు. మదనపల్లె డాక్టరు చూసి ఎముకలు బాగానే ఉన్నాయనీ, కాళ్లకు మెల్లగా బలం రావాలనీ, పడకుండా చూసుకోవాలనీ చెప్పాడు.

నాకు తెలిసిన విద్య ఒక్కటే. పెరట్లో పొద్దున్నే అక్క చెయ్యి పట్టుకుని మొదలుపెట్టాను. మొదట్లో నిలబడడమే గగనం. తర్వాత గోడకు వేలు ఆనించి చేసింది. చలికాలం పోయేసరికి వేలు కూడా తీసేసింది. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి వీధి బోరింగు దగ్గర బిందెలోకి నీళ్లు కొట్టుకుంటూ కనిపించింది. చంకలో బిందెతో ఎవరి సాయం లేకుండా ఇంటికి నడిచొచ్చింది. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది!

అది గంగమ్మ జాతర నెల. మంగళవారం పొద్దున తలంటుకుని, జుట్టు విరబోసుకుని, కళ్లు అరమూసుకుని అక్క తైచీ చేస్తోంది. పక్కింటావిడ దడి మీది నుంచి చూసింది. మా ప్రాంతంలో అట్లాంటి వేళ ఆడమనిషి అట్లా కదిలితే దానికి ఒకటే అర్థం, ఒంటి మీదికి అమ్మవారు వచ్చిందని. బిందెడు పసుపునీళ్లు తెచ్చి అక్క కాళ్ల మీద కుమ్మరించి, వేపమండ చేతికిచ్చి, "గంగమ్మతల్లీ, నా కోడలి కడుపు పండతాదా?" అని సాగిలపడింది.

అక్క బిత్తరపోయింది. "పండతాదిలే, లెయ్యి," అంది.

ఆ కోడలు నెల తప్పింది. ఇక చూడండి నా ఇంటి గతి. మంగళ, శుక్రవారాలు వాకిలి నిండా జనం. తొక్కిన నిమ్మకాయలు, కుళ్లిన కొబ్బరి, వాటి మీద ఈగలు, దడి పక్కన కోడి ఈకలు, నెత్తురు. అక్క కాళ్లు కడిగిన నీళ్లు వాకిట్లో మడుగు కడితే దోసిట్లో ముంచి తాగేవాళ్లు. ఆ మడుగులోనే అంతకు ముందు ఒకడు వక్కాకు ఉమ్మడం నేను కళ్లారా చూశాను. "ఇది దేవత కాదురా, కసరత్తు!" అని అరిస్తే, "పంతులమ్మకు నమ్మకం లేదులే పాపం," అని నా మీదే జాలిపడ్డారు.

పిలవకుండానే బావ దిగాడు. ఆర్నెల్లు మొహం చూపించని మనిషి, నుదుట ఇంత బొట్టు పెట్టుకుని మా గడపలో నిలబడి జనాన్ని వరసలో లోపలికి వదిలేవాడు. అంత సిగ్గులేని మొహం నేను మళ్లీ చూడలేదు.

"బావా, అక్క కాళ్లు ఇప్పుడిప్పుడే నిలబడుతున్నాయి. పాడుచెయ్యొద్దు," అన్నాను.

"అమ్మ ఇంత నిదానంగా వస్తే ఎవురు నమ్ముతారు? పంబలోళ్లను పిలిపిస్తాండాను," అన్నాడు.

నేను అక్కతో చెప్పాను, బతిమాలాను, తిట్టాను. శుక్రవారం వాళ్లు దిగారు, అమ్మవారిని పిలిచే పంబ డోళ్లు మోగాయి. కాలి కింద పసుపు బురద. వాళ్లు వాయించే కొద్దీ అక్క వేగం పెంచింది, గిర్రున తిరిగింది, జారి పడింది. తుంటి ఎముక విరిగిన చప్పుడు గడపలో ఉన్న నాకు వినబడింది. జనం మాత్రం గోవింద కొట్టారు.

మదనపల్లె ఆసుపత్రిలో కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. ఇక కర్ర లేకుండా నడవలేదని డాక్టరు తేల్చేశాడు. అమ్మ భారాన్ని మనిషి ఎముక తాళలేదని బావ వరండాలో కథ చెబుతున్నాడు. నాకు వాడి మీద ఎంత అసహ్యం వేసిందో అక్క మీదా అంతే వేసింది.

"నీకు తెలుసు గదా అక్కా, అది దేవత కాదని. నడుస్తా ఉంటివే! యాల తిరిగితివి?" అన్నాను.

అక్క కాలికి కట్టిన బరువు వైపు చూసింది.

"పెండ్లయిన కాడి నుంచి నడస్తానే ఉంటిని పాపా. నేను నడిస్తే ఎవురన్నా సూసినారా?" అంది.

ఇంతలో తలుపు దగ్గర ఎవరో ఆడమనిషి బిడ్డను ఎత్తుకుని, "అమ్మా, లోపలికి రావచ్చునా?" అని అడిగింది. పొమ్మనడానికి నేను లేచాను.

"రానీ," అంది అక్క.