గాలి చూసి బట్టలారేసే మేనత్త

కర్దనూరులో మా మేనత్త ఉతికిన బట్టలను వెంటనే తీగ మీద వేసేది కాదు. బకెట్ కింద పెట్టి, కళ్ళు మూసుకుని ముందు గాలి పీల్చి చూసేది. ఊరి పక్క ఫ్యాక్టరీల వైపు నుంచి ఘాటు వాసనతో గాలి వీస్తే ఆ రోజు బట్టలు ఇంట్లోనే ఆరేవి.

ఇంటర్ అయ్యాక ఇంజనీరింగా, ఎన్విరాన్‌మెంటల్ సైన్సా అని నేను తేల్చుకోలేకపోతున్న రోజుల్లో, ఓ పొద్దున ఆమె అలాగే నిలబడి అడిగింది.

"ఇంజనీరింగైతే హైటెక్ సిటీల కొలువంటరు. ఆ రెండోది సదివితే ఎవరిస్తరు బిడ్డా?"

"ఈ ఫ్యాక్టరీలే ఇస్తయి అత్తమ్మా. పొగ, నీళ్ళు పరీక్ష చేసేటోళ్ళు వాళ్ళకు కావాలె."

ఆమె కళ్ళు తెరిచింది.

"వాళ్ళ జీతం తీస్కొని, వాసనొస్తుందని వాళ్ళకే చెప్తవా?"

"చెప్త," అన్నాను.

ఆమె బకెట్ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నేను రెండోదే చదివాను. ఉద్యోగమూ తొందరగానే దొరికింది, మేనత్త ఊరి పక్క ఫ్యాక్టరీలోనే. మొన్న ఆదివారం వెళ్ళేసరికి ఆమె వాకిట్లో బకెట్ దగ్గర నిలబడి ఉంది. గాలి ఘాటుగా వీస్తోంది.

"ఈ వాసన మీదేనా బిడ్డా?" అని మామూలుగానే అడిగింది.

నేను బకెట్ అందుకుని ఇంట్లోకి నడిచాను.