కొర్ర గింజ పట్టే నోరు

బాలమణి ఇంటి కిటికీలో తలనొప్పి మందు డబ్బా ఒకటి ఉంటుంది. మందు ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడందులో ఉన్నవి నాలుగు గింజలు: ఒక కంది, ఒక జొన్న, ఒక సజ్జ, ఒక కొర్ర. చూసినవాళ్లు పిచ్చుకకు దాచిందేమో అనుకుంటారు. అవి ఆమె కొలతలు.

ఆమె కట్టేవి ఈగలు. కోడి మెడ ఈక, దారం, గాలం ముల్లు, ఈ మూడింటితో చేసే ఉత్తుత్తి ఈగలు. ఎక్కడో చలి దేశాల వాగుల్లో వీటిని నీటి మీదికి విసురుతారట. నిజంగా ఈగే వాలిందనుకుని చేప పైకొస్తుందట. ఆ వాగులను బాలమణి చూడలేదు. మంచు అంటే ఆమెకు తెల్లవారుజామున జొన్నచేను ఆకుల మీద నిలిచే తడి మాత్రమే. అయినా ఆమె ఈగను అరచేతిలో పెట్టుకుని ఊపిరి వదిలితే అది కదులుతుంది. చూస్తున్నవాళ్లు కొట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంటారు.

ఈ పని ఆమెకు పూనాలో దొరికింది. భర్త వెంకటన్నతో కలిసి అక్కడ ఇటుకలు మోస్తున్న రోజుల్లో నడుము పట్టేసింది. తట్ట ఎత్తలేని మనిషిని మేస్త్రీ కూర్చోబెట్టి తిండి పెట్టడు కదా. పక్క వీధి రేకుల షెడ్డులో కూర్చుని చేసే పని ఉందని ఎవరో చెబితే వెళ్లింది. మొదటి వారమే పెద్ద తప్పు చేసింది. ఇరవై రెండో నంబరు ముల్లు తెమ్మంటే డబ్బాలన్నీ వెతికి అన్నిటికంటే పెద్ద ముల్లు పట్టుకొచ్చింది. చెప్పుల నంబరు పెరిగితే కాలు పెద్దదన్నట్టే కదా అనుకుంది. ఇక్కడ లెక్క తలకిందులు. నంబరు పెరిగేకొద్దీ ముల్లు చిన్నదవుతుంది. షెడ్డంతా నవ్వింది. ఆ రాత్రి ఆమె కొంగున ఊరి నుంచి తెచ్చుకున్న కొర్రల మూట విప్పి ఒక గింజ తీసింది. మరునాటి నుంచి ఆమె చేతిలో నంబర్లు లేవు. పదహారు కంది అయింది, పద్దెనిమిది జొన్న, ఇరవై సజ్జ, ఇరవై రెండు కొర్ర.

గింజను ముల్లు పక్కన పెట్టి చూసుకోవడం కాదు ఆ కొలత. ముల్లుకు తిన్నని కాడ ఒకటి, వంగి పైకి లేచిన మొన ఒకటి ఉంటాయి. ఆ రెంటి మధ్య ఖాళీని ఆమె నోరంటుంది. కాడ మీద దారమూ ఈకా చుట్టేశాక కూడా ఆ నోట్లో గింజ పట్టాలి. గింజ పట్టిన నోట్లో చేప పెదవి కూడా పడుతుంది. పెద్ద ముల్లుకైతే నోరు కొంచెం పూడినా నడుస్తుంది. ఇంత చిన్నదానికి ఒక చుట్టు ఎక్కువైతే చాలు, ఈగ అందంగానే ఉంటుంది, చేప మాత్రం చిక్కదు.

పన్నెండేళ్ల తర్వాత ఆమె తెలకపల్లికి తిరిగొచ్చేటప్పుడు ముల్లును బిగించి పట్టే చిన్న వైస్ ఒకటి మూటలో తెచ్చుకుంది. బెంగళూరులో గాలం సామాన్ల కంపెనీలో పనిచేసే వనపర్తి కుర్రవాడు నిరంజన్ ఆమె ఈగలు చూసి పని ఇప్పించాడు. ఇప్పుడు ఆ కిటికీ దగ్గర ఆమె కోడలు నిరోష, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు కూడా కూర్చుంటారు. నలుగురూ ఒకప్పుడు ఇటుకలు మోసినవాళ్లే.

పోయినేడు నిరంజన్ కొత్త ఆర్డరు పంపాడు. అయిదు వందల ఈగలు, అన్నీ ఇరవై రెండో నంబరువి. వాళ్లు అంతకు ముందు ఎన్నడూ అంత చిన్నవి అన్ని కట్టలేదు. ఇవి కుదిరితే ఏడాది పొడవునా పని, కుదరకపోతే కంపెనీ వేరేచోట చూసుకుంటుంది. అప్పటికే పూనా మేస్త్రీ ఊళ్లోకొచ్చి ఇటుకల పనికి మనుషుల పేర్లు రాసుకుంటున్నాడు. నిరోష తన పేరు ఇంకా చెప్పలేదు. కానీ సంచీని అటక మీది నుంచి దించి దులిపి పెట్టుకుంది. అత్త అది చూసి కూడా చూడనట్టే ఉంది.

ఆటో మల్లేశ్ బస్టాండు నుంచి ముళ్ల పార్శిల్ తెచ్చిచ్చాడు. రెండు రోజుల్లో ఎనభై ఈగలు లేచాయి. మూడో రోజు పొద్దున బాలమణి ఒకదాన్ని వేలి గోటి మీద పెట్టి కొర్ర గింజను దగ్గరికి తెచ్చింది. గింజ లోపలికి పోలేదు. ఇంకొకటి తీసింది. అదీ అంతే. భూతద్దం పెట్టి చూసింది. ముల్లు కాడ పొడుగు, నోరు ఇరుకు. పని ఆపమంది.

నిరోషకు కోపమొచ్చింది. "ప్యాకెట్ మీద ఇరవై రెండే ఉంది అత్తమ్మా. నేను రెండుసార్లు చదివిన."

"నువ్వు ప్యాకెట్ చదివినవ్. నేను ముల్లు చదువుతున్న."

ఆ మాట అని ఆమె బ్లేడు తీసుకుంది. రెండు రోజుల దారం, ఈక ఒళ్లోని గుడ్డ మీద కుప్పపడ్డాయి. పరీక్షకని అయిదు మాత్రం మిగిల్చింది. నిరోష వాకిట్లోకి వెళ్లి నిలబడింది. మేస్త్రీ అదే వీధిలో ఉన్నాడు.

నిరంజన్ ఫోన్‌లో తొందరపెట్టాడు. నంబరు కలిస్తే చాలనీ, గడువు దాటితే తన మాట పోతుందనీ, కట్టేయమనీ అన్నాడు. బాలమణి గొంతు పెంచలేదు.

"నంబర్ కలిసింది తమ్మీ. నోరు కలువలే. జర నువ్వే వచ్చి చూసిపో."

ఆదివారం చర్చి విడిచేసరికి అతను వనపర్తి బస్సు దిగాడు. ఆమె అతనికి మాటలతో ఏమీ చెప్పలేదు. పాత ఆర్డరు నుంచి మిగిలిన, అదే నంబరులో వేరే రకం ముళ్లు, కాడ పొట్టి, నోరు వెడల్పు ఉన్నవి, ఆమె దగ్గర పది ఉన్నాయి. వాటి మీద అయిదు ఈగలు కట్టి పెట్టింది. ఆ అయిదూ, ఇరుకు నోటివి అయిదూ పట్టుకుని అందరూ ఎత్తిపోతల కాలువ గట్టుకు నడిచారు. గాలం కర్ర వెంకటన్న చేతిలో ఉంది.

కాలువ నీళ్లు ఎండలో మెల్లగా కదులుతున్నాయి, నిద్రలో ఒత్తిగిలే పిల్లలా. వెంకటన్న ముందు ఇరుకు ఈగను విసిరాడు. వేలెడంత పరక చేప వెంటనే కొట్టింది, తప్పించుకుని పోయింది. మళ్లీ కొట్టింది, మళ్లీ పోయింది. ఎనిమిదిసార్లు కొడితే ఒక్కటి నిలిచింది. ఈగ మార్చాడు. మొదటి దెబ్బకే దారం బిగిసింది. ఎండలో పరక వెండి పొట్టులా మెరిసింది. ఆ తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. ఎనిమిదింటిలో ఒకే ఒక్కటి జారిపోయింది.

వెంకటన్న పరకను మెల్లగా విడిపించి నీళ్లలో వదిలి, భార్యను చూడకుండా అన్నాడు.

"ముప్పై ఏండ్ల కింద నాకూ ఒకతె గాలమేసింది. గప్పటిసంది ఇడిసిపెట్టలే. దాని నోరు గూడ పెద్దదే."

నిరోష పకపకా నవ్వింది. ఇంటి ముందు ఆమె సంచీని దులిపిన నాటి నుంచి ఎవరూ ఆ నవ్వు వినలేదు. బాలమణి మాత్రం నవ్వలేదు. కొంగు సర్దుకుని నిటారుగా నిలబడింది, పట్టేసిన నడుమే లేనట్టు.

నిరంజన్ అక్కడి నుంచే కంపెనీకి ఫోన్ చేశాడు. గడువు మరో పది రోజులు పెరిగింది. వెడల్పు నోటి ముళ్లు మూడో రోజుకు వచ్చాయి. పెట్టెలో పెట్టేముందు ఒక్కో ఈగ ఆ ఒక్క కొర్ర గింజకు దండం పెట్టుకున్నట్టు దాని మీదుగా వెళ్లింది. అయిదు వందలు. తిరిగొచ్చింది ఒక్కటీ లేదు. మేస్త్రీ పుస్తకంలో ఆ నలుగురి పేర్లు లేకుండానే పూనా బండి కదిలింది. నిరోష సంచీలో ఇప్పుడు ఈకలుంటున్నాయి.

నెల తర్వాత మల్లేశ్ కొత్త పార్శిల్ తెచ్చాడు. పైన అతికించిన చీటీ మీద కంపెనీవాళ్లు నిరంజన్ చేత తెలుగులో రాయించారు. నంబర్లు లేవు. సజ్జ మూడు వందలు, కొర్ర ఎనిమిది వందలు, అంతే. మల్లేశ్ చీటీని రెండుసార్లు చదివి పార్శిల్‌ను చేత్తో ఎత్తి చూశాడు. దూదిలా తేలిగ్గా ఉంది.

"ఏంది అత్తా, గింజల యాపారం పెట్టినవా? కొర్రలు కిలో ఎట్ల?"

బాలమణి పార్శిల్ అందుకుంది. కిటికీ దగ్గరికి వెళ్లి డబ్బా మూత తీసి, తిరిగి చూడకుండానే జవాబిచ్చింది.

"కిలోల లెక్క లేదు బిడ్డా. మా దగ్గర ఒక్కొక్క గింజే."