ఆ “ఆయ్” ఎవరికి?

పొద్దున్న పది గంటల ఇరవై నిమిషాలకు, పోయిన కరెంటు తిరిగి వచ్చింది. మా అక్క భర్త, బావగారు, అప్పటికి అరగంటగా అమలాపురంలోని మా ఇంటి బాత్రూం ముందు స్టూలు మీద కూర్చుని ఎదురు చూస్తున్నారు. ముందు వారమే అమ్మ ఆ తడి నేల మీద జారింది. లేచేటప్పుడు ఆసరాకి గోడకి స్టీలు కడ్డీ బిగించాలని ఆయన అల్లవరం నుంచి డ్రిల్లింగ్ మిషను సంచిలో పెట్టుకుని వచ్చారు.

ఆయన ఎలక్ట్రీషియన్ కాదు, హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. టైలు మీద మిషను జారకుండా, కన్నం పెట్టాల్సిన చోట మందుల డబ్బాలోని ప్లాస్టరు అంటించి, దాని మీద పెన్సిలుతో గుర్తు పెట్టారు.

అమ్మ గుమ్మంలోంచి చూసి, “గోడకి దెబ్బ తగిలిందాండీ అల్లుడుగారూ?” అంది.

“ఇంకా లేదండీ అత్తయ్యగారూ. తగలబోతోందని ముందే వేసేను.”

గుర్తుకి కాస్త ఎగువన గీజరు ప్లగ్గు ఉంది. “ప్లగ్గుకి నేరుగా పైనా కిందా వైరు ఉందనే అనుకోవాలి. అందుకే పక్కకి జరిగేను. కానీ వైరింగు చేసినవాడు ఐమూలగా లాగేడేమో, ఎవరు చూసేరు?” అన్నారు. మిషనుకి ముందుగదిలోంచి కరెంటు తీసుకుని, బాత్రూం వైపు స్విచ్చి దించమని నన్ను వరండాలో మెయిన్ బోర్డు దగ్గరికి పంపారు.

నేను బోర్డు తలుపు తీసేసరికి ప్రహరీ అవతల నుంచి పక్కింటాయన పలకరించారు. “మీకూ వచ్చిందాండీ కరెంటు?”

“ఆయ్,” అన్నాను.

సరిగ్గా అప్పుడే లోపలి నుంచి బావగారు “దించేవా?” అని అడిగారట. నాకు వినపడలేదు. నా “ఆయ్” మాత్రం ఆయనకి వినపడింది.

ఆయన మిషను పట్టుకోలేదు. చేతిలో టెస్టరుతో బయటికి వచ్చారు.

“ఇందాక ఆ ఆయ్ ఎవరికి?” అని నన్ను అడిగారు.

“పక్కింటాయనకండీ. ఏం?”

“నాకనుకున్నాను. ఎందుకైనా మంచిదని టెస్టరు పెడితే గీజరు ప్లగ్గులో వెలిగింది.”

ఆయన కోప్పడలేదు. “మనవాళ్ళు అన్నం వడ్డించమన్నా ఆయ్, చాలన్నా ఆయ్. అది విన్నామని చెప్పడమేగానీ, చేసేమని కాదు. ‘దించేను, ఇక్కడే ఉన్నాను’ అను. పనయ్యేదాకా కదలకు,” అన్నారు.

స్విచ్చి దించి, ఆ మాటే అన్నాను. ఆయన మళ్ళీ టెస్టరు పెట్టి చూసి, ముక్కుకి తువ్వాలు కట్టుకుని, నాలుగు కన్నాలూ పెట్టారు. అమ్మ ఇప్పటికీ ఆ కడ్డీ పట్టుకునే లేస్తుంది. వైరు ఆ గోడలో ఎటు వెళ్ళిందో ఇప్పటికీ మాకు తెలియదు. ఆ రోజు నా వల్ల ఆయన ప్రాణం పోయేదో, ఏమీ అయ్యేది కాదో తేల్చలేను. ఆ తరవాత ఆయన ఆరేళ్ళు మాతో ఉన్నారు. ఆ ఆరేళ్ళకీ నేను కృతజ్ఞుణ్ణి. పోయినేడు గుండె జబ్బుతో వెళ్ళిపోయారు.

మొన్న అక్క వంటింట్లో అర బిగించడానికి ఆయన మిషనే పట్టుకున్నాను. “దించేవా అక్కా?” అని కేకేశాను.

“దించేను. ఇక్కడే ఉన్నాను,” అంది.

ఆ మాట ఆమెకి నేర్పింది నేను కాదు. టెస్టరు పెట్టి చూసి, పని మొదలుపెట్టాను.

మా రెండిళ్ళలోనూ మెయిన్ బోర్డు దగ్గర నిలబడ్డవాళ్ళు ఇప్పుడు ఆయ్ అనరు.