పుర్రచేతికి కుదిరిన రైఫిల్

వెస్ట్‌మీడ్ ఆస్పత్రి ఐసీయూలో పన్నెండు గంటల డ్యూటీ చేసి బయటికొచ్చాక కూడా మానిటర్ల మోత చెవుల్లో ఆగదు. తొమ్మిదేళ్ళుగా నర్సుగా ఉన్నాను, ఇప్పటికీ అలవాటు కాలేదు. నాతో పనిచేసే ఒకమ్మాయి ఒక ఆదివారం తను వెళ్ళే షూటింగ్ క్లబ్బుకి నన్ను తీసుకెళ్ళింది. చెవులు మూసుకుని, చాప మీద బోర్లా పడుకుని, ఊపిరి సగం వదిలి ఆపినప్పుడు చుట్టూ అంతా సద్దుమణిగిపోయింది. తుపాకులు పేలేచోట మనశ్శాంతి దొరికిందంటే మా ఆయన నమ్మలేదు.

ఆర్నెల్లు క్లబ్బు రైఫిల్‌తోనే నేర్చుకున్నాను. చిక్కల్లా ఒకటే. నాది పుర్రచేతి వాటం. రైఫిల్ కుడిచేతి వాళ్ళది. ఒకసారి కాల్చాక బోల్ట్ వెనక్కి లాగితే ఖాళీ తూటా బయట పడుతుంది, ముందుకు తోస్తే కొత్తది ఎక్కుతుంది. ఆ బోల్ట్ పిడి కుడివైపుంది. ఎడమ భుజానికి ఆనించుకునే నేను ప్రతిసారీ చెయ్యి పైనుంచి అవతలికి చాచాలి.

"కుడివైపుకి మారిపో, అదే అలవాటవుతుంది," అన్నాడు క్లబ్బులో నేర్పే ఆయన.

అది చిన్నప్పటినుంచీ విన్న మాటే. అన్నం తింటున్నంతసేపూ అమ్మ నా ఎడమచేతిని తన ఒళ్ళో పట్టుకుని కూర్చునేది. బళ్ళో అయితే వేళ్ళ మీద స్కేలు దెబ్బలు. తినడం మారింది కానీ రాయడం మారలేదు. అయినా ఆయన మాట కాదనలేక రైఫిల్‌ని కుడి భుజానికి మార్చాను. గురి చూసే దుర్బీను, అదే స్కోప్‌లో ఏదీ సరిగా కనపడక తల ముందుకు జరిపాను. పేలగానే రైఫిల్ వెనక్కి తన్నింది, స్కోప్ అంచు కనుబొమ్మని చీల్చింది. మూడు కుట్లు పడ్డాయి.

మా ఆయన ఆ కట్టు వేలితో తడిమి చూశాడు. తర్వాత అన్నాడు: "మానేస్తావా మరి?"

"లేదు. నాకు సరిపోయేది కొనుక్కుంటాను."

"ఇంట్లో రైఫిలా? ఆర్ యూ సీరియస్?" అని కాసేపు హాల్లో అటూ ఇటూ తిరిగాడు. "సరే. అక్కడికెళ్ళి వచ్చిన రోజు నువ్వు బాగా నిద్రపోతున్నావు. నేను చూస్తూనే ఉన్నా కదా. అప్లై చెయ్."

లైసెన్స్ వచ్చింది. ఈ దేశంలో రైఫిల్ కొనడానికి విడిగా పర్మిట్ కావాలి, దానికి ఇంకొన్ని వారాలు. ఈలోగా మా ఆయనే డ్రిల్ పట్టుకుని గిరావీన్‌లో మా ఇంట్లో రైఫిల్ దాచే ఇనప బీరువాని గోడకి బిగించాడు. తాళంచెవి నా దగ్గరే ఉండాలని కూడా ఆయనే రూల్సు చదివి చెప్పాడు.

షాపులో ఎడమచేతి బోల్ట్ రైఫిళ్ళు మూడే ఉన్నాయి. అమ్మే అబ్బాయి పెద్ద తూటాది చూపించాడు. దేన్నైనా పడగొడుతుందన్నాడు. భుజం మీద పెట్టుకుంటేనే నాకు కనుబొమ్మ సలిపింది. కాస్త చిన్న తూటాది, వెనక్కి తక్కువ తన్నేది తీసుకున్నాను. రేంజ్‌లో మూడొందల మీటర్లకీ పనికొస్తుంది, నన్ను క్లబ్బుకి తీసుకెళ్ళినమ్మాయి వాళ్ళ నాన్న ఫారంలో కాల్చమన్న అడవి పందికీ చాలు. బరువైన గొట్టం ఉన్నది గురికి మంచిదే కానీ, దాన్ని మోసుకుని గుట్టలెక్కాలంటే నావల్ల కాదు. నా ఎత్తు అయిదడుగులు.

కొన్నాక తెలిసింది, దాని మడమ, అంటే భుజానికి ఆనించే వెనక చెక్క, నాకు మరీ పొడవని. మెడ సాగదీస్తే తప్ప స్కోప్‌కి కన్ను అందదు. క్లబ్బులో ఒకరు తుపాకులు బాగుచేసే ముసలాయన దగ్గరికి పంపారు. ఆయన రైఫిల్ వైపు చూడను కూడా లేదు. ముందు నా కనుబొమ్మ మీది మచ్చ చూశాడు.

"ఇది ఎవరి పని?"

జరిగింది చెప్పాను. రెండు అరచేతులూ కలిపి మధ్యలో చిన్న సందు చేసి, అందులోంచి గోడ గడియారం చూడమన్నాడు. తర్వాత ఒక్కో కన్నూ మూయమన్నాడు. ఎడమకన్ను మూయగానే గడియారం మాయమైంది.

"నువ్వు గురి చూసేది ఎడమకంటితో. నిన్ను కుడికి మార్చడం వాళ్ళ తప్పమ్మా. నీ తప్పేం లేదు," అన్నాడు.

నలభై ఏళ్ళ మనిషిని, ఆ చిన్న మాటకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన చూడనట్టు టేపు వెతుక్కున్నాడు. జాకెట్టు కొలత తీసుకునే టైలరులా మోచేతి మడత నుంచి చూపుడువేలి దాకా కొలిచాడు. మడమ మీద పెన్సిల్ గీత గీసి, భుజానికి ఆనించి చూసి, చెరిపి మళ్ళీ గీశాడు. అలా నాలుగుసార్లు.

"కోశాక అతికించలేను. చెప్పు, కోసెయ్యనా?"

"కోసెయ్యండి."

అంగుళమున్నర చెక్క తీసేశాడు. చెంప ఆనేచోట చిన్న దిండులాంటిది ఎత్తుగా బిగించాడు. ట్రిగ్గర్ ఇంకా తేలిక చెయ్యమంటే మాత్రం ఒప్పుకోలేదు. "పొలంలో చలికి వేళ్ళు మొద్దుబారతాయి. అనుకోకుండా పేలితే ఎవరికి తగులుతుందో తెలీదు."

ఆ శనివారం రేంజ్‌లో వంద మీటర్ల దూరాన మూడు గుళ్ళు కాల్చాను. మూడు కన్నాలూ నా బొటనవేలి కింద దాగిపోయాయి.

ఆ అమ్మాయి తండ్రి గొర్రెల ఫారం నగరానికి పడమట ఉంది. చలికాలం చివర, గొర్రెలు ఈనే రోజుల్లో వెళ్ళాను. కంచె పక్కన పందులు సగం తినేసిన గొర్రెపిల్లలు పడున్నాయి. రాత్రి పుట్టినవాటిని పందులు తెల్లారేసరికి పట్టుకుపోతున్నాయని ఆయన చెప్పాడు. ఒక తల్లి గొర్రె ఖాళీ నేలని వాసన చూస్తూ అక్కడే తిరుగుతోంది.

మొదటిరోజు పొద్దున్నే గుట్ట అంచు మీద ఒక పంది నిలబడింది. వెనక ఆకాశం తప్ప ఏమీ లేదు. గుండు తప్పితే ఎంత దూరం పోతుందో, అవతల ఏముందో తెలీదు. ట్రిగ్గర్ మీంచి వేలు తీసేశాను. పంది దిగిపోయింది. పక్కనే ఉన్న ఫారం ఆయన తిడతాడేమో అనుకున్నాను.

"మంచి పని చేశావు," అని మాత్రం అన్నాడాయన.

రెండోరోజు అదే పంది నీళ్ళకుంట గట్టు దగ్గరికి వచ్చింది. వెనక మట్టిగట్టు. ఊపిరి సగం వదిలాను. పేలిన మరుక్షణం ఎడమచెయ్యి దానంతటదే బోల్ట్ లాగి తోసింది. రెండో తూటా అక్కర్లేకపోయింది.

దగ్గరికి వెళ్ళి దాని డొక్క మీద చెయ్యి వేశాను. ఆ వెచ్చదనం నాకు తెలుసు. ప్రాణం పోయాక కూడా ఒంట్లో కాసేపు ఉండే వేడి అది. ఐసీయూలో ఎన్నిసార్లు తాకానో. అక్కడ చావుని చివరిదాకా ఆపాలని చూసేదాన్ని, ఇక్కడ నేనే తెచ్చాను. చెయ్యి తియ్యకుండా అక్కడే కూర్చున్నాను.

ఫారం ఆయన టోపీ తీసి పక్కన నిలబడ్డాడు. "దానికి తెలీనే లేదు. అంత త్వరగా పోయింది," అన్నాడు మెల్లగా. "నేను ఏభై ఏళ్ళుగా కాలుస్తున్నాను. ఇప్పటికీ మొదటి నిమిషం ఇలాగే ఉంటుంది. అలా లేనివాడిని నా పొలంలోకి రానివ్వను."

ఇంటికొచ్చాక మా ఆయన ఎలా ఉందని అడిగాడు.

"బాధగా ఉంది. మళ్ళీ వెళ్తాను," అన్నాను.

ఆయన కంచం ముందుకు జరిపి పప్పు వడ్డించాడు. మరుసటి వారం నాతో పనిచేసే ఆ అమ్మాయి ఫోనుకి వాళ్ళ నాన్న ఒక ఫొటో పంపాడు. కంచె పక్కన కవల గొర్రెపిల్లలు, రెండూ తల్లి పొదుగు దగ్గర మూతులు పెట్టి ఉన్నాయి. డ్యూటీ మధ్యలో టీ తాగుతూ ఆ ఫొటోని చాలాసేపు చూశాం, నేనూ ఆ అమ్మాయీ.