సి షిఫ్టు లెక్కన కొన్న టికెట్లు

అర్జునరావుకి గోడ మీద ఒక గడియారం, ఒంట్లో ఇంకో గడియారం ఉన్నాయని గాజువాకలో వాళ్ల వీధివాళ్లు నవ్వుకుంటారు. గోడ మీదిదాని మాట ఆయన ఎన్నడూ విన్న పాపాన పోలేదు. స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. పాతికేళ్లు దాటిన సర్వీసు. ఏ షిఫ్టు పొద్దున్న, బి షిఫ్టు మధ్యాహ్నం, సి షిఫ్టు రాత్రి పదికి ఎక్కి తెల్లారి ఆరుకి దిగడం. ఆయన గెడ్డం గీసుకోవడం, కూరలు తేవడం, ఆఖరికి పెళ్లాంతో దెబ్బలాడటం కూడా షిఫ్టును బట్టే. సి షిఫ్టు వారమొస్తే పగలు మనిషి పడుకుంటాడు కాబట్టి ఆయన భార్య సూర్యకళ కుక్కరు జోలికి పోదు. పక్కింటివాళ్లు కూడా టీవీ సౌండు తగ్గించుకుంటారు, పాపం.

ఇలాంటి మనిషిని వెంటబెట్టుకుని పెళ్లిళ్లకీ పేరంటాలకీ వెళ్లడం అయ్యే పనేనా? మీ ఆయన రాలేదేమని అడిగిన ప్రతివాళ్లకీ డ్యూటీ అని చెప్పీ చెప్పీ సూర్యకళ నోరు అరిగిపోయింది. అవతలివాళ్లు అడగడం మానేశారు గానీ ఈవిడ చెప్పడం మానలేదు.

కానీ ఈసారి సంగతి వేరు. సూర్యకళ ఒక్కగానొక్క తమ్ముడు దొరబాబు గుంటూరులో ఇల్లు కట్టుకున్నాడు. అక్కడే మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమస్తా. చిన్నప్పుడు అనకాపల్లిలో తల్లి పోతే వాడికి అన్నం కలిపి పెట్టిందీ, బడికి తోలిందీ, పెద్దయ్యాక పిల్లని చూసి పెళ్లి చేసిందీ అన్నీ అక్కే. గృహప్రవేశం పద్నాలుగో తారీకు ఉదయం. కొత్త పొయ్యి వెలిగించి పాలు పొంగించాల్సింది ఇంటి ఆడపడుచు. ఆడపడుచు వేళకి అందకపోతే ముహూర్తం ఆగదు, వరసైన వాళ్లెవరో ఆ గిన్నె అందుకుంటారు. తల్లి లేని ఇంట్లో ఆ పొయ్యి దగ్గర నిలబడే హక్కు తనదని, అది ఇంకొకరికి పోతే తను బతికుండీ దండగని సూర్యకళ అనేసింది కూడా.

టికెట్లు నేనే తీస్తానని అర్జునరావు భుజాలు ఎగరేశాడు. డిగ్రీ చదివే కూతురు శ్రీసత్య తను తీస్తానంది. వింటేనా! ముగ్గురికీ స్లీపర్ బస్సులో బెర్తులు, గాజువాకలోనే ఎక్కడం, రాత్రి పన్నెండు దాటాక బస్సు, పదమూడో తారీకు. తీసిన టికెట్టు ఫోనులో అందరికీ చూపించి, చూశారా నా పనితనం అన్నట్టు మీసం సవరించుకున్నాడు. ఆ మీసానికి ముందుంది ముసళ్ల పండగ అని ఎవరికి తెలుసు?

పదమూడో తారీకు అర్జునరావు పొద్దుటి ఏ షిఫ్టు దిగివచ్చి, ఓ కునుకు తీసి సాయంత్రం లేచాడు. వంటింట్లో సూర్యకళ దారికని పులిహోర కలుపుతోంది. ఫోనులో ట్రావెల్స్‌వాళ్ల మెసేజ్ ఉంది. మీ ప్రయాణం సుఖంగా జరిగిందని ఆశిస్తున్నాం, మాకు ఎన్ని మార్కులు ఇస్తారు అని. ఎక్కకముందే మార్కులేమిటే, వీళ్ల తొందర తగలెయ్య అంటూ ఆయన పకపకా నవ్వి కూతురికి చూపించాడు. శ్రీసత్య నవ్వలేదు. టికెట్టు తెరిచి రెండుసార్లు చూసింది.

"నాన్నా, మన బస్సు నిన్న రేతిరే ఎల్లిపోయింది."

అర్ధరాత్రి దాటితే తారీకు మారుతుందని చంటిపిల్లలకీ తెలుసు. అర్జునరావుకీ తెలుసు. కానీ సి షిఫ్టులో పదమూడో తారీకు రాత్రి ఎక్కినవాడికి తెల్లారి దిగేదాకా పదమూడే. హాజరు పదమూడుకే పడుతుంది, జీతం పదమూడుకే వస్తుంది, అర్ధరాత్రి దాటాక తాగే టీ కూడా పదమూడో తారీకు టీయే. పాతికేళ్ల అలవాటు ఆయన చేత అలాగే టికెట్టు కొనిపించింది. లోకం లెక్కలో మాత్రం పదమూడో తారీకు, రాత్రి పన్నెండు గంటలు దాటాక అంటే నిన్న రాత్రే. ఆ మూడు బెర్తులూ దుప్పట్లు కప్పుకుని, ఎవరూ లేకుండా గుంటూరు వెళ్లిపోయాయి.

శ్రీసత్య ఫోనులో వెతకని బస్సు లేదు. ముహూర్తాల రోజులు, అన్నీ నిండిపోయాయి. రైళ్లలో వెయిటింగు లిస్టు చాంతాడంత. చివరికి ఒక బస్సులో ఒకే ఒక సీటు కనిపించింది. అర్జునరావు తల ఎత్తలేకపోయాడు. ఆ సీటులో నువ్వెళ్లిపో, మేము రేపు ఎలాగోలా వస్తాం అని భార్యతో నెమ్మదిగా అన్నాడు. తిట్టినా పడదామని సిద్ధంగా నిలబడ్డాడు.

సూర్యకళ పులిహోర గిన్నె మీద మూత పెట్టింది.

"మీరు టికెట్టు సూపించినప్పుడు నానూ సూసేను. పదమూడు రేతిరనే అనుకున్నాను. మీతో కాపురం సేసి సేసి నా బుర్ర కూడా మీ షిఫ్టులోనే పడిపోనాది. లెగండి, ఆర్టీసీలో ఎల్దాం. ఏ బస్సు ఎక్కడిదాకా ఎల్తే అక్కడిదాకా. ఎల్తే ముగ్గురం ఎల్దాం."

తిట్టినా అంత బాధ ఉండేది కాదు. అర్జునరావుకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బ్యాగు జిప్పు పెట్టే వంకతో వెనక్కి తిరిగిపోయాడు.

మొదటి బస్సు తునిదాకా వెళ్లింది. తుని బస్టాండు బెంచీ మీద పులిహోర ఖాళీ అయింది. రెండో బస్సు రాజమండ్రిదాకా. మూడోది విజయవాడ బస్సు, రెండు సీట్లు దొరికితే తల్లీకూతుళ్లని కూర్చోబెట్టి ఆయన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. బస్సులో అందరూ తలలు వాల్చేసిన వేళ ఆయన ముఖం చూడాలి! అప్పుడే స్నానం చేసి వచ్చినవాడిలా కళకళలాడుతోంది. కండక్టరుతో కబుర్లు, డ్రైవరుకి అరటిపండు, కూతురి చున్నీ జారితే సర్దడం, ఏ ఊరొస్తే ఆ ఊరి పేరు తనలో తను చెప్పుకోవడం. బస్సు మారాల్సినచోట్ల ఆడవాళ్లని తట్టి లేపి, సామాను తనే మోసి, సీటు పట్టి, మళ్లీ పడుకోమన్నాడు. సూర్యకళ ఏ ఊరు అని కూడా అడగలేదు.

తెల్లవారుతుండగా గన్నవరం దగ్గర వచ్చిపడింది అసలు గండం. ముందు లారీ ఒకటి అడ్డం తిరిగిందట, బస్సులన్నీ బారులు తీరి ఆగిపోయాయి. దొరబాబు ఫోను చేశాడు.

"అక్కా, పంతులుగారు తొందర పెడతన్నారు. మా అత్తోరు పిన్ని కూతురిని నిలబెట్టీమంటన్నారు. నాను ఒప్పుకోలేదు గానీ, బావని బేగి తీసుకొచ్చీమను."

సూర్యకళ ఆ మాట భర్తకి చెప్పింది. అర్జునరావు ఒక్క క్షణం ఆలోచించలేదు. రెండు బ్యాగులు రెండు భుజాలకి తగిలించి, ఆడవాళ్లని దింపి, ఆగిన బళ్ల పక్కనుంచి నడిపించుకుంటూ లారీ అవతలికి తీసుకుపోయాడు. అక్కడ రోడ్డు ఖాళీ. వచ్చిన మొదటి ఆటోకి అడ్డం నిలబడ్డాడు. విజయవాడ బస్టాండులో గుంటూరు బస్సు కదులుతుంటే పరుగెత్తి తలుపు మీద చెయ్యేసి ఆపాడు. ఆ వయసులో ఆ పరుగేమిటో, చూసిన శ్రీసత్యకి నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయట.

ముహూర్తం ఇంకాసేపట్లో దాటుతుందనగా ముగ్గురూ గుమ్మం ముందు ఆటో దిగారు. సూర్యకళ ముఖం కడుక్కుని, చీర మార్చుకుని, జుట్టు ముడేసుకుని పొయ్యి దగ్గరికి పరుగెత్తింది. పాలు సన్నగా అంచు పట్టి, నురగెత్తి, నాలుగు వైపులా బుసబుసా పొంగాయి. దొరబాబు అక్క కాళ్లకి దండం పెట్టాడు. ఆవిడ ఏడ్చింది, వాడూ ఏడ్చాడు.

బావ ఏడని వాడు వెతికితే, షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో అర్జునరావు నోరు తెరుచుకుని గుర్రు పెడుతున్నాడు. బ్యాగు పట్టీ ఇంకా భుజానే ఉంది. పాలు పొంగే శుభవేళ అదేం నిద్రమ్మా అని దొరబాబు అత్తగారు అందరికీ వినిపించేలా అంది. దొరబాబు లేపబోయాడు. సూర్యకళ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వచ్చి వాడి చెయ్యి పట్టుకుంది.

"లేపకురా తమ్ముడూ. ఇన్నేళ్లూ సి షిఫ్టు ప్లాంటుకి సేసినారు. రేతిరి నాకు సేసినారు."