బొగ్గు పొయ్యి తీసేయించాక

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. సలహాల విషయంలో మాత్రం నేను ఎవరైనా అడిగేదాకా ఆగే రకం కాదు. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళతో సహా అందరూ ఓటు వేసిన తొలి ఎన్నికలయ్యాక కొన్నాళ్ళకే లేడీస్మిత్‌లో ఫ్యాక్టరీ ఇంజనీరుగా చేరి, ఒక అవ్వ ఇంట్లో వెనక గది అద్దెకు తీసుకున్నాను. చెరకు తోటల్లో కూలికొచ్చిన మనవాళ్ళ మనవరాలావిడ. భర్త పోయాక ఒంటరిగా ఉండేది. మాటల్లో ఇంగ్లీషే ఎక్కువ, మనసు విప్పినప్పుడు మాత్రం తాతలనాటి తెలుగు వచ్చేది.

ఆవిడ వంటింట్లో ఇనప బొగ్గు పొయ్యి పొద్దుట్నుంచి రాత్రిదాకా మండుతూనే ఉండేది. గిన్నెడు పప్పుకి అంత బొగ్గా అని నా ప్రాణం కొట్టుకునేది. పైగా, ఎండాకాలంలో చెమటలు కక్కుతూ వండిన మా అమ్మ గుర్తొచ్చేది. గోదావరి ఒడ్డున పుట్టినవాడికి వంటింటి వేడంటే వదిలించుకోవాల్సిన పీడ. అవ్వకి ఆ పీడ వదిలిద్దామనుకున్నాను.

పైన నాలుగు ప్లేట్లు, కింద ఓవెను ఉన్న కరెంటు స్టవ్ కొనుక్కొచ్చి, పాత పొయ్యిని పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేశాను. గిన్నె అడుగుకి సరిపోయే ప్లేటు మీదే పెట్టాలి, మాటిమాటికీ మూత తియ్యకూడదు, పప్పు ముప్పావు ఉడకగానే స్విచ్ ఆర్పేస్తే మిగిలిన వేడికే మెత్తబడుతుంది, రెండు దుంపముక్కల కోసం ఓవెన్ వెయ్యడం దండగ. అన్నీ దగ్గరుండి నేర్పాను. "నువ్వు సెప్పినట్టే సేత్తాను బాబూ, నో వేస్ట్" అంది అవ్వ. నేను పొంగిపోయాను.

అక్కడ చలికాలం మొదలయ్యేది జూన్‌లో, ఆ నెలలో చలి దిగింది. ఒక ఆదివారం సాయంత్రం వంటింట్లోకి వెళితే ప్లేటు ఎర్రగా కాలుతోంది, మీద గిన్నె లేదు. ఎదురుగా అవ్వ శాలువా కప్పుకుని కూర్చుంది. నాకు ఒళ్ళు మండి స్విచ్ ఆర్పేశాను.

"అన్నీ చెప్పాను కదా అవ్వా."

"సలి బాబూ" అంది, తప్పు చేసిన పిల్లలా.

అప్పుడు గాని గుర్తు రాలేదు. ఏ జాతివాళ్ళు ఆ పేటలోనే ఉండాలన్న చట్టాలు పోయాక మా వీధిలో ఇల్లు కొనుక్కున్న ఒక జులూ ఆవిడ రోజూ ఈ వేళకి చిలగడదుంపలు పట్టుకొచ్చి, పొయ్యి బూడిదలో కాల్చుకుంటూ అవ్వతో చీకటిపడేదాకా నవ్వుతూ మాట్లాడేది. ఆవిడ రావడం లేదేమని అడిగాను.

"ఏ పని మీదొత్తాది? రెండు దుంపలకి ఓవెను వేస్ట్ అని నువ్వే సెప్పావు గదా."

మర్నాడే పాత ఇనుము కొట్టుకి పరుగెత్తాను. పొయ్యి అప్పటికే ముక్కలైపోయింది. చేసేదిలేక హీటరు కొని తెచ్చిపెట్టాను. అవ్వ దాన్ని చాలాసేపు చూసింది.

"దీని ముందర ఊరికినే కూకోడానికి మనిసికి సిగ్గు బాబూ. పొయ్యి కాడైతే ఏదో పనుండి వచ్చినట్టుంటాది."

నా అంత తెలివితక్కువవాడు ఉంటాడా అనిపించింది. జులూ ఆవిడ ఇంటికి వెళ్ళి రమ్మని పిలిచాను. మర్యాదగా వస్తానంది, రాలేదు. ఇక రోజూ సాయంత్రం నేనే వెళ్ళి అవ్వ దగ్గర కూర్చునేవాణ్ణి. నన్ను చూడగానే ఆవిడ ఒక గిన్నెలో నీళ్ళు పోసి, సరిపోయే ప్లేటు చూసి పెట్టి, మూత వేసేది. ఏవో నాలుగు మాటలయ్యాక నేను లేవబోతే, ముందే చెయ్యి చాపి స్విచ్ ఆర్పేసేది.

"ఎల్లు బాబూ" అనేది. "మిగిలిన వేడి సాలు నాకు."