హోల్డాన్ అన్న కండక్టరమ్మ

కండక్టరమ్మ ఉద్యోగం మానేసి ఆరేళ్ళయినా బస్సు ఆమెను మానలేదు. కుర్చీలో కునుకు పడితే చాలు, గది మెల్లగా కదిలేది. కిటికీలో చెట్లు వెనక్కి జారిపోయేవి. కుడిచెయ్యి గాల్లో లేని గంటతాడు కోసం వెతుక్కునేది.

పెద్దరోడ్డు మీద ఎర్రరంగు పూసి బస్సులకు విడిగా దారి ఇచ్చిన దగ్గర్నుంచి ఆమె రోజూ పొద్దున అక్క దగ్గరికి వెళ్ళొస్తోంది. అక్కకు మతిమరుపు. పది దాటితే తోడబుట్టిన చెల్లెల్ని కూడా పోల్చుకోదు. ఆలోపు మాత్రం చిన్నప్పటి ముద్దుపేరుతో పిలుస్తుంది. ఇదివరకు బస్సు నత్తలా దేకి, ఈమె చేరేసరికి పదిన్నరయ్యేది. ఇప్పుడు తొమ్మిదిన్నరకల్లా గుమ్మంలో ఉంటోంది. ఆ అరగంటే ఆమె ఆస్తి.

అయితే పెద్దరోడ్డులో చోటు చాలని కార్లన్నీ కండక్టరమ్మ వాళ్ళ సందులో దూరాయి. పక్కింటి దర్జీ కుట్టుమిషన్ని వరండాలోంచి లోపలికి మార్చుకున్నాడు. తెల్లబట్ట సాయంత్రానికల్లా బూడిదరంగు తేలుతోంది మరి. ఎర్రదారి తీసేయాల్సిందేనని సందంతా ఒక్కమాట మీదికి వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం బడిగదిలో సమావేశం. పిల్లల బెంచీలు, తిరిగీ తిరగని ఫ్యాను, రోడ్ల ఆఫీసరు సన్నని గొంతు. కండక్టరమ్మ తన మాట చెప్పాలనే వచ్చింది గానీ, ఆమె కూర్చున్న బెంచీ మెల్లగా బయల్దేరింది. అందరూ ఎక్కేశారు. ముందుసీట్లో అక్క, రెండు జడలతో.

"అయితే ఎర్రదారి ఎత్తేయమని రాసేస్తున్నాను. రైటేనా?" అన్నాడు ఆఫీసరు.

"రైట్, రైట్," అంది కండక్టరమ్మ కళ్ళు తెరవకుండానే, బస్సు చివరిదాకా వినపడే గొంతుతో.

గదంతా నవ్వింది. ఆఫీసరు రాసుకున్నాడు.

"పోన్లే, వదిన కూడా మనవైపే," అన్నాడు దర్జీ.

ఆ నవ్వులకు ఆమెకు మెలకువ వచ్చింది. తానేమన్నదో తెలిసి చప్పున లేచి నిలబడింది.

"హోల్డాన్."

కలం ఆగింది. ఆ గదిలో సగం మంది ఆమె చేతి టికెట్టు పుచ్చుకుని పెరిగినవాళ్ళే.

"నిద్రలో అన్న మాట కొట్టేయండి బాబూ. ఆ దారి పోతే మా అక్కకి నేను పరాయిదాన్నయిపోతాను," అంటూ పదిగంటల సంగతి చెప్పింది.

దర్జీ తల దించుకున్నాడు. "మీ బాధ నిజమే వదినా. మరి మేం మింగే పొగ సంగతో?"

"బస్సులో ఓ తలుపున ఎక్కి ఇంకో తలుపున జారిపోయేవాళ్ళుంటే ఏం చేసేదాన్ని? వెనకతలుపు మూసేసేదాన్ని. సందుకి ఆ కొసన నాలుగు స్తంభాలు పాతించండి. మనిషి దూరతాడు, సైకిలు దూరుతుంది, కారు దూరదు. మనవాళ్ళు ఈ కొసనుంచే వచ్చిపోతారు."

"నా గిరాకీ అంతా కార్లలోనే వస్తుందే."

"నడవనీ నాయనా. నువ్వు కుట్టిన పాంటు ఎక్కడ పిగులుతుందో నాలుగడుగులు వేస్తేగా తెలిసేది."

దర్జీకే ముందు నవ్వొచ్చింది. ఆఫీసరు రాసింది కొట్టేసి, మూడునెలలు స్తంభాలు పెట్టి చూద్దామన్నాడు. "రైటేనా?" అని ఈసారి ఆమెనే అడిగాడు.

ఆమె రెండు కళ్ళూ తెరిచి దర్జీ వైపు చూసింది. అతను తల ఊపాకే "రైట్" అంది.

మర్నాడు బస్సు ఎర్రదారిలో నీళ్ళమీద పడవలా సాగింది. అక్క గుమ్మంలో ఎండకు కూర్చుని ఉంది.

"వచ్చావా బుజ్జీ? బస్సు ఖాళీగా ఉందా?"

"నీకో సీటు ఆపానక్కా," అంది కండక్టరమ్మ, పక్కన చతికిలబడుతూ.